తప్పు వార్తకు పూచీ ఎవరిది?

2008 సెప్టెంబరు. గాజియాబాద్ కోర్టులో బయటపడ్డ ప్రావిడెంట్ ఫండ్ కుంభకోణం మీద టైమ్స్ నౌ చానల్ వార్త చదువుతోంది. ఆ వ్యవహారంలో వినిపించిన ఒక న్యాయమూర్తి ఫొటో వేయాల్సిన చోట, పేర్లు దగ్గర దగ్గరగా ఉండడంతో జస్టిస్ పి.బి. సావంత్ ఫొటో పడింది. ఉన్నది పదిహేను సెకన్లు. పొరపాటు తెలిశాక బొమ్మ తీసేశారు గానీ క్షమాపణ వెంటనే రాలేదు. ఆయన ఉత్తరం రాశాకే స్క్రోలింగ్ నడిచింది. సావంత్ పుణె కోర్టుకెక్కారు. 2011 ఏప్రిల్‌లో ఆ కోర్టు చానల్‌ను 100 కోట్ల రూపాయల పరిహారం కట్టమంది. అప్పీలు తేలేదాకా అమలు ఆగాలంటే 20 కోట్లు జమచేసి, 80 కోట్లకు బ్యాంకు గ్యారంటీ ఇవ్వాలని బొంబాయి హైకోర్టు షరతు పెట్టింది. అదే ఏడాది నవంబరులో సుప్రీంకోర్టు ఆ షరతును కదపలేదు.

పదిహేను సెకన్లకు వంద కోట్లా అని పత్రికా స్వేచ్ఛ కోరేవాళ్లు అప్పట్లో గుండెలు పట్టుకున్నారు. నిజమే, అంత మొత్తం ఒక చిన్న పత్రిక మీద పడితే మర్నాడు తలుపులు మూసుకోవాల్సిందే. అయితే ఇక్కడ చూడాల్సింది ఫిర్యాదీ ఎవరన్నది. సావంత్ సుప్రీంకోర్టు మాజీ న్యాయమూర్తి. అంతకన్నా ముఖ్యంగా 1995 నుంచి 2001 దాకా ప్రెస్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా చైర్మన్. వార్తల మీద ఫిర్యాదులు వినే కుర్చీలో అన్నేళ్లు కూర్చున్న మనిషి, తన మీద తప్పు వార్త వచ్చినప్పుడు ఆ కుర్చీ వైపు చూడలేదు. చూసినా లాభం ఉండేది కాదు, టీవీ చానళ్లు ఆ కౌన్సిల్ పరిధిలోకే రావు.

మరి తెనాలిలో చిల్లర కొట్టు నడుపుకునే మనిషి ఫొటో జిల్లా పేజీలో దొంగ ఫొటోగా అచ్చయితే? సబ్ కలెక్టరాఫీసు గుమాస్తా మీద లంచం కథనం వచ్చి, విచారణలో అది అబద్ధమని తేలితే? వార్తల మీద, నీతి నియమాల మీద, జవాబు చెప్పాల్సిన సంస్థల మీద మామూలు పౌరుడికి ఉన్న కోపమంతా ఈ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది. తలుపులు చాలానే ఉన్నాయి. ఏ తలుపు తడితే ఏమవుతుందో గత పాతికేళ్ల అనుభవం చెబుతోంది. నీతి పేరు చెప్పి అడిగినప్పుడు దాదాపు ఎవరూ పలకలేదు. లెక్కల పుస్తకం, చట్టంలో సెక్షను, గడువు తేదీ పట్టుకుని అడిగినప్పుడే కాస్త కదలిక వచ్చింది.

ప్రెస్ కౌన్సిల్‌తోనే మొదలుపెట్టాలి. 1954లో మొదటి ప్రెస్ కమిషన్ సిఫార్సు చేస్తే, 1966లో కౌన్సిల్ పుట్టింది. ఎమర్జెన్సీలో దాన్ని రద్దు చేశారు. 1978 చట్టంతో మళ్లీ లేచింది. చైర్మన్ కాక 28 మంది సభ్యులు. వారిలో 13 మంది పాత్రికేయులు, 6 మంది పత్రికల యజమానులు, 5 మంది ఎంపీలు. పౌరుడు ముందు ఎడిటర్‌కు రాయాలి. అక్కడ న్యాయం జరగకపోతే, దినపత్రిక విషయంలో అచ్చయిన రెండు నెలల్లోగా కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయాలి. సాక్షులను పిలిపించడంలో సివిల్ కోర్టుకుండే అధికారాలు కౌన్సిల్‌కూ ఉన్నాయి. ఇంత తతంగం నడిచాక అది చేయగలిగేది మందలించడం, హెచ్చరించడం, అభిశంసించడం. జరిమానా లేదు, పరిహారం లేదు. తీర్పును ఏ కోర్టులోనూ ప్రశ్నించకూడదని మాత్రం చట్టం గట్టిగా చెబుతుంది. మార్కండేయ కట్జూ చైర్మన్‌గా ఉన్నంతకాలం కౌన్సిల్‌కు కోరలు కావాలని అడుగుతూనే వచ్చారు, కోరలు మొలవలేదు.

కోరలు లేకపోయినా కళ్లున్నాయి కదా అనుకుంటే, ఆ కళ్లు ఎలా పనిచేస్తాయో తెలియజెప్పిన ఉదంతం తెలుగు నేలతో ముడిపడినదే.

2009లో లోక్‌సభకూ అసెంబ్లీకీ ఒకేసారి ఎన్నికలు జరిగాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ జిల్లా ఎడిషన్లలో ఒకే నియోజకవర్గంలో ఇద్దరు ముగ్గురు అభ్యర్థులు ‘ప్రభంజనం’గా దూసుకుపోయారు. ఒకే పేజీలో పక్కపక్క వార్తల్లో ఇద్దరికీ గెలుపు ఖాయమైంది. అవి ప్యాకేజీల మీద, డబ్బు తీసుకుని అచ్చేసిన వార్తలు, అంటే పెయిడ్ న్యూస్. అడ్వర్టైజ్‌మెంట్ అని ఎక్కడా ఉండదు, వార్త రూపమే. ఈ వ్యాపారానికి కింది మెట్టు మండల విలేకరి. అతనికి జీతం ఉండదు, లైన్ అకౌంట్ ఉంటుంది. అచ్చయిన మేరకు నాలుగు డబ్బులు, తెచ్చిన యాడ్‌ల మీద కమీషన్. వార్త రాసేదీ యాడ్ అడిగేదీ ఒకే మనిషైనప్పుడు, ఎమ్మెల్యే అభ్యర్థి ఇంటికి అతను ఏ పని మీద వెళ్లాడో చెప్పడం కష్టం. ఎన్నికలొచ్చేసరికి పైనున్న యాజమాన్యాలే ఆ పని చేతుల్లోకి తీసుకున్నాయి. దీన్ని బయటపెట్టింది బయటివాళ్లు కాదు. ఆంధ్రప్రదేశ్ యూనియన్ ఆఫ్ వర్కింగ్ జర్నలిస్ట్స్ స్వయంగా పశ్చిమ గోదావరి జిల్లాలో పత్రికలు ముందేసుకుని ఏ వార్త కొన్నదో, ఏది కానిదో సర్వే చేసింది. తమ రొట్టె కాల్చే పొయ్యి గురించే విలేకరులు ఫిర్యాదు చేసిన అరుదైన సందర్భం అది.

మహారాష్ట్రలోనూ అదే కథ. ఆ ఏడాది అక్టోబరు అసెంబ్లీ ఎన్నికల గురించి పి. సాయినాథ్ ‘ది హిందూ’లో వరుసగా రాశారు. అప్పటి ముఖ్యమంత్రి అశోక్ చవాన్‌ను కీర్తిస్తూ పదుల కొద్దీ పూర్తి పేజీలు వచ్చాయి. ఒకే వ్యాసం అక్షరం మారకుండా వేర్వేరు పత్రికల్లో వేర్వేరు పేర్లతో అచ్చయింది. ఎన్నికల సంఘానికిచ్చిన లెక్కల్లో మాత్రం పత్రికా ప్రకటనలకు చవాన్ చూపింది 5,379 రూపాయలు. కేబుల్ టీవీకి ఇంకో 6,000.

గొడవ పెద్దదయ్యాక ప్రెస్ కౌన్సిల్ ఇద్దరు సభ్యులతో ఉపసంఘం వేసింది. ఒకరు పరంజయ్ గుహా ఠాకుర్తా, రెండోవారు తెలుగు పాత్రికేయ లోకానికి బాగా తెలిసిన కె. శ్రీనివాస రెడ్డి. ఊళ్లు తిరిగి, అభ్యర్థులను, విలేకరులను, యాజమాన్యాలను అడిగి వాళ్లు 70కి పైగా పేజీల నివేదిక రాశారు. ఎవరెవరి మీద ఏ ఆరోపణలు వచ్చాయో పత్రికల పేర్లతో సహా అందులో పెట్టారు. లోక్‌సత్తా అభ్యర్థి ఒకరు వార్త కోసం తాను కట్టిన సొమ్మును ఎన్నికల ఖర్చు లెక్కలోనే రాసి చూపించిన సంగతీ అందులో ఉంది. 2010 జూలైలో కౌన్సిల్ ముందుకు ఆ నివేదిక వచ్చింది. పేర్లు బయటికి రాకూడదని సభ్యులు పట్టుబట్టారు. చివరికి పేర్లు లేని కుదింపు ప్రతి ఒకటి విడుదలైంది, అసలు ప్రతి అలమారాలోకి వెళ్లింది.

అక్కడినుంచి దాన్ని బయటికి లాగింది సమాచార హక్కు చట్టం. దరఖాస్తు పడింది, కౌన్సిల్ ఇవ్వలేదు, అప్పీలు కేంద్ర సమాచార కమిషన్‌కు చేరింది. 2011 సెప్టెంబరులో కమిషన్ ఆ నివేదికను వెబ్‌సైట్‌లో పెట్టమని ఆదేశించింది. పత్రికల నీతికి కాపలాగా పెట్టిన సంస్థ, ఆ నీతి గురించి తన మనుషులే రాసిన నివేదికను దాచుకుంటే, పది రూపాయల దరఖాస్తు దాన్ని బయటపెట్టింది. కౌన్సిల్ చరిత్రలో దీనికి మించిన వింత ఇంకోటి దొరకదు.

ఇక శిక్షల సంగతి. ఉత్తరప్రదేశ్‌లోని బిసౌలీ ఎమ్మెల్యే ఉమ్లేష్ యాదవ్‌కు అనుకూలంగా వచ్చిన వార్తల మీద, ఆమె చేతిలో ఓడిపోయిన అభ్యర్థి ఒకరు ప్రెస్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేశారు. అవి డబ్బిచ్చి వేయించుకున్న వార్తలేనని కౌన్సిల్ తేల్చింది. పత్రికలకు పడింది మాట. ఎమ్మెల్యేకు మాత్రం వేటు పడింది. ఆ వార్తల ఖర్చు లెక్కలో చూపలేదని 2011 అక్టోబరులో ఎన్నికల సంఘం ఆమెను మూడేళ్లు అనర్హురాలిగా ప్రకటించింది. పెయిడ్ న్యూస్ కారణంగా పదవి పోయిన మొదటి శాసనసభ్యురాలు ఆమే. అయితే ఆ వేటు పడింది పాఠకుణ్ని మోసగించినందుకు కాదు. ప్రజాప్రాతినిధ్య చట్టం 10ఎ సెక్షను కింద, ఖర్చు లెక్క సరిగ్గా ఇవ్వనందుకు. చట్టం దృష్టిలో మోసపోయిన పాఠకుడు లేనే లేడు, ఉన్నది తప్పు లెక్క ఒక్కటే.

ఆ దారి కూడా సాఫీగా సాగలేదు. లెక్క నిజమా అబద్ధమా అని విచారించే అధికారం ఎన్నికల సంఘానికి ఉందని 2014 మేలో సుప్రీంకోర్టు చవాన్ కేసులో చెప్పింది. సంఘం ఆయనకు వ్యతిరేకంగా తేల్చింది. సెప్టెంబరులో ఢిల్లీ హైకోర్టు దాన్ని కొట్టేసింది. మధ్యప్రదేశ్ మంత్రి నరోత్తం మిశ్రా విషయంలో 2008 ఎన్నికల వార్తలకు 2017లో అనర్హత పడింది, 2018లో అదే హైకోర్టు దాన్నీ రద్దు చేసింది. ఇలాంటి బేరానికి రశీదు ఉండదు మరి. ఇచ్చినవాడూ పుచ్చుకున్నవాడూ ఇద్దరూ నోరు విప్పరు. పెయిడ్ న్యూస్‌ను ఎన్నికల నేరంగా మార్చాలని 2015 మార్చిలో లా కమిషన్ తన 255వ నివేదికలో చెప్పింది. పదేళ్లు దాటినా అది సిఫార్సుగానే ఉంది.

టీవీ దగ్గరికొస్తే పరిస్థితి ఇంకాస్త విచిత్రం. 2007 ఆగస్టులో ఢిల్లీలో ఒక ప్రభుత్వ స్కూలు టీచర్ విద్యార్థినులను వ్యభిచారంలోకి దించుతోందంటూ లైవ్ ఇండియా చానల్ స్టింగ్ ఆపరేషన్ ప్రసారం చేసింది. జనం స్కూలు ముందు పోగై ఆమెను కొట్టి, బట్టలు చింపారు. ఆమె ఉద్యోగం పోయింది. స్టింగ్ కల్పితమని పోలీసులు తర్వాత తేల్చారు. ప్రభుత్వం చానల్‌ను ఒక నెల ఆపేసింది. దెబ్బలు తిన్న టీచర్‌కు ఎవరు ఏం చెప్పాలన్నది ఆ నెల శిక్షలో ఎక్కడా లేదు.

ప్రభుత్వం జోక్యం చేసుకోకముందే తామే ఇల్లు చక్కబెట్టుకుంటామని చానళ్ల సంఘం 2008లో స్వీయ నియంత్రణ మండలి పెట్టుకుంది. మొదటి అధ్యక్షుడు జస్టిస్ జె.ఎస్. వర్మ. గరిష్ఠ జరిమానా లక్ష రూపాయలు. మరుసటి ఏడాదే ఇండియా టీవీకి ఆ లక్ష పడింది. చానల్ సంఘంలోంచే బయటికి నడిచింది, కొంతకాలానికి తిరిగొచ్చింది. సభ్యత్వం ఇష్టమున్నవాళ్లకే కాబట్టి, నచ్చకపోతే గుమ్మం దాటి వెళ్లొచ్చు. ప్రైమ్ టైంలో కొద్ది సెకన్ల యాడ్‌తో రాబట్టుకునే సొమ్ము శిక్ష ఎలా అవుతుంది? 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు కూడా దాదాపు ఇదే ధోరణిలో అడిగింది. 2021లో కేబుల్ టీవీ నిబంధనలు మార్చి మూడంచెల ఫిర్యాదు పద్ధతి తెచ్చారు. ముందు చానల్, తర్వాత చానళ్ల సంఘం, ఆ పైన ప్రభుత్వం. మూడింటిలో ఏ అంచెలోనూ ప్రేక్షకుడి పక్షాన కూర్చునే మనిషి తప్పనిసరి కాదు.

ఫిర్యాదు చేసేది ప్రభుత్వమే అయితే? అప్పుడు యంత్రాంగం పరుగెత్తుకొస్తుంది.

2007లో వై.ఎస్. రాజశేఖర రెడ్డి ప్రభుత్వం జీవో 938 ఇచ్చింది. 2019 అక్టోబరులో జగన్మోహన్ రెడ్డి ప్రభుత్వం జీవో 2430 ఇచ్చింది. తప్పుడు వార్తలు రాసిన పత్రికల మీద, చానళ్ల మీద కేసులు పెట్టే అధికారం అధికారులకు ఇవ్వడం ఈ జీవోల సారం. పాత్రికేయ సంఘాలు రోడ్డెక్కాయి, ప్రెస్ కౌన్సిల్ రెండో జీవోను తనంతట తానే విచారణకు తీసుకుంది. జీవో దాకా కూడా వెళ్లని సందర్భాలున్నాయి. 2014 జూన్‌లో తెలంగాణ ఎమ్మెల్యేలను వెక్కిరించిన కార్యక్రమం తర్వాత కేబుల్ ఆపరేటర్లు టీవీ9నూ, దాంతోపాటు ఏబీఎన్ ఆంధ్రజ్యోతినీ నిలిపేశారు. నెలల తరబడి ఆ తెరలు నల్లగానే ఉన్నాయి. 2016 జూన్‌లో కాపు నాయకుడు ముద్రగడ పద్మనాభం దీక్ష సమయంలో ఆంధ్రప్రదేశ్‌లో సాక్షి టీవీ వంతు వచ్చింది. విచారణ లేదు, ఉత్తర్వు లేదు, అప్పీలు చేసుకునే చోటు లేదు. టీవీ9 భాష అసహ్యంగా ఉందని అప్పట్లో చాలామంది అన్నారు, అది అసహ్యంగానే ఉంది. అయినా ఆ ఫిర్యాదు వినాల్సింది కేబుల్ ఆపరేటర్ కాదు.

పాలకులు శిక్షించడమే కాదు, పోషించడమూ తెలిసినవారే. 2022లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గ్రామ, వార్డు వలంటీర్లకు దినపత్రిక కొనుక్కోవడానికి నెలకు 200 రూపాయలు మంజూరు చేసింది. వలంటీర్లు రెండున్నర లక్షలకు పైమాటే. ఈ సొమ్ము అప్పటి ముఖ్యమంత్రి జగన్ కుటుంబ పత్రిక సాక్షికి పోయేలా ఉత్తర్వు రాశారని ఈనాడు ప్రచురణ సంస్థ ఉషోదయ కోర్టుకు వెళ్లింది. 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆ కేసును ఢిల్లీ హైకోర్టుకు పంపింది. రెండు పెద్ద పత్రికలు కోర్టులో తలపడ్డాయి, సర్క్యులేషన్ లెక్కలు తీశాయి. పన్ను కట్టిన మనిషి మాత్రం ఆ కేసులో ఏ వైపూ లేడు. తెలుగు పాఠకుడికి ఏ పత్రిక ఎవరిదో తెలుసు. అందుకే రెండు పత్రికలు తెప్పించుకుని, రెండూ కలిపి చదివి, మధ్యలో నిజం ఎక్కడుందో ఊహించుకునే అలవాటు చాలా ఇళ్లలో ఉంది. ఇది తెలివితేటలే కావచ్చు, కానీ పత్రికలు చేయాల్సిన పని పాఠకుడు సొంత ఖర్చుతో చేయడమన్నమాట.

సొంతింటి దిద్దుబాటుకు మన దగ్గర ఉదాహరణ లేకపోలేదు. 2006లో ‘ది హిందూ’ కె. నారాయణన్‌ను రీడర్స్ ఎడిటర్‌గా నియమించింది. ఎడిటర్‌తో సంబంధం లేకుండా పాఠకుడి ఫిర్యాదు విని, తప్పయితే తప్పని రోజూ ఒక నిర్ణీత చోట అచ్చువేసే పద్ధతి అది. తెలుగు దినపత్రికల్లో ఇది ఆనవాయితీగా నిలదొక్కుకోలేదు. మొదటి పేజీ బ్యానర్‌కు వివరణ లోపలి పేజీ అడుగున, ఎక్కువసార్లు అవతలివాళ్ల ‘ఖండన’ రూపంలో వస్తుంది. తప్పు జరిగిందని పత్రిక అన్నట్టు ఉండదు, ఫలానావారు కాదంటున్నారని మాత్రమే ఉంటుంది.

ఇంతవరకూ చెప్పుకున్నవి కొన్న వార్తలు, కల్పించిన వార్తలు. మూడో రకం గురించి జనం తక్కువగా కోప్పడతారు, ఎందుకంటే అందులో జనానిదీ పాలుంది. 2019 డిసెంబరు 6న షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లి వంతెన పక్కన ‘దిశ’ అత్యాచారం, హత్య కేసులోని నలుగురు నిందితులు పోలీసు కాల్పుల్లో చనిపోయారు. నిందితులు తుపాకులు లాక్కున్నారు, రాళ్లు రువ్వారు, ఆత్మరక్షణ కోసం కాల్చామని పోలీసులు చెప్పారు. ఆ మాటను చానళ్లు చాలావరకు ఉన్నదున్నట్టు చెప్పేశాయి. వంతెన మీద నుంచి పోలీసులపై పూలు చల్లుతున్న దృశ్యాలు రోజంతా తిరిగాయి. సుప్రీంకోర్టు వేసిన సిర్పుర్కర్ కమిషన్ నివేదిక 2022 మేలో బయటికొచ్చింది. పోలీసుల కథనం నమ్మదగ్గది కాదని, చంపే ఉద్దేశంతోనే కాల్చారని, నలుగురిలో ముగ్గురు మైనర్లని, పది మంది పోలీసుల మీద హత్యానేరం కింద విచారణ జరగాలని అందులో ఉంది. కమిషన్ అభిప్రాయం కోర్టు తీర్పు కాదు, ఆ పోలీసుల మీద నేరం రుజువు కాలేదు. కానీ మొదటి రోజు ‘న్యాయం జరిగింది’ అని ఫ్లాష్ వేసినవాళ్లలో, ఆ రోజు మేం అడగాల్సిన ప్రశ్నలు అడగలేదని ప్రేక్షకులకు చెప్పినవాళ్లు ఎక్కడా పెద్దగా కనబడలేదు. దీని మీద ఫిర్యాదు చేద్దామన్నా ఏ నిబంధన కింద చేయాలి? వార్త అబద్ధం కాదు, పోలీసులు అలాగే చెప్పారు. అడగకపోవడాన్ని తప్పుగా రాసుకున్న నియమావళి ఏదీ లేదు.

కాబట్టి పౌరుడి చేతిలో నికరంగా మిగిలింది, ప్రెస్ కౌన్సిల్‌ను కదిలించిన ఆ పది రూపాయల సమాచార హక్కు దరఖాస్తే. 2005 చట్టంలో 30 రోజుల గడువుంది. ఆలస్యానికి అధికారి జేబులోంచి రోజుకు 250 చొప్పున 25,000 దాకా జరిమానా ఉంది. కాగితం మీద ఇంత సూటిగా ఉన్న జవాబుదారీతనం దేశంలో మరో చట్టంలో కనబడడం అరుదు. మరి ఆచరణ? తెలంగాణ సమాచార కమిషన్‌లో 2023 ఫిబ్రవరి తర్వాత కమిషనర్లే లేరు, 2025 మే దాకా. ప్రభుత్వం మారినా రెండేళ్లకు పైగా రెండో అప్పీళ్లు గుట్టగా పడి ఉండిపోయాయి. ఖాళీలు ముందుగానే నింపాలని సుప్రీంకోర్టు 2019లోనే చెప్పి ఉంది. దేశం మొత్తం మీద 2024 జూన్ నాటికి కమిషన్ల ముందు పెండింగ్‌లో ఉన్నవి 4 లక్షలు దాటాయని సతర్క్ నాగరిక్ సంగఠన్ లెక్క తీసింది. జరిమానా వేయదగ్గ కేసుల్లో అత్యధికం జరిమానా లేకుండానే ముగుస్తున్నాయని కూడా ఆ సంస్థ ఏటా చెబుతోంది. ఇక రాజకీయ పార్టీలు. ఆరు జాతీయ పార్టీలు ఈ చట్టం కిందికి వస్తాయని 2013 జూన్‌లో కేంద్ర కమిషన్ ఆదేశించింది. కాంగ్రెస్, బీజేపీ, వామపక్షాలు, ఎవరూ పాటించలేదు. అన్ని పార్టీలూ ఒక్కతాటి మీద నడిచిన కొద్ది విషయాల్లో ఇదొకటి.

అలా రాబట్టిన కాగితంలోని పేరును అందరి ముందూ చదివి వినిపిస్తే ఎంత బలమో తెలుగువాళ్లకు ఉపాధి హామీ పథకం నేర్పింది. 2006 ఫిబ్రవరిలో అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ఆ పథకం మొదలైంది. సామాజిక తనిఖీని దేశంలో ముందుగా పెద్ద ఎత్తున చేపట్టింది ఆంధ్రప్రదేశ్. తనిఖీ బృందాలు మస్టర్లు పట్టుకుని ఇంటింటికీ వెళ్లాయి. పని చేయనివాళ్ల పేర్లు, చనిపోయినవాళ్ల పేర్లు, వాటి ఎదురుగా వేసిన కూలి డబ్బు మండల ప్రజావేదికలో అందరి ముందూ చదివాయి. ఫీల్డ్ అసిస్టెంట్లు అక్కడికక్కడే డబ్బు తిరిగిచ్చిన సందర్భాలున్నాయి. తేలిన సొమ్ములో వసూలైంది కొద్ది భాగమే, పై అధికారుల జోలికి పోయింది ఇంకా తక్కువ. అయినా జిల్లా విలేకరులకు ఏళ్ల తరబడి నిజమైన వార్తలు దొరికింది ఆ వేదికల మీదే.

అలా పేర్లు బయటపెట్టే వీలునే దెబ్బతీస్తూ, 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం సమాచార హక్కు చట్టంలోని 8(1)(జె) క్లాజును మార్చేసింది. ప్రజా కార్యకలాపంతో సంబంధం లేని వ్యక్తిగత వివరాలనే ఇవ్వనక్కర్లేదని, అవి కూడా విస్తృత ప్రజాప్రయోజనం ఉంటే ఇవ్వాలని పాత క్లాజు చెప్పేది. ఆ షరతులన్నీ తీసేసి, వ్యక్తిగత సమాచారమైతే చాలు ఇవ్వనక్కర్లేదన్నట్టు కొత్త క్లాజు రాశారు. ప్రజాప్రయోజనం ఎక్కువైతే ఇవ్వొచ్చనే 8(2) సెక్షను ఇంకా ఉంది, దాన్ని వాడాలా వద్దా అన్నది ముందు తేల్చేది అడిగించుకుంటున్న అధికారే. మస్టర్‌లో పేరూ వ్యక్తిగతమే, కాంట్రాక్టరు పేరూ వ్యక్తిగతమే, సంతకం పెట్టిన ఇంజనీరు పేరూ వ్యక్తిగతమే. ఈ చట్టానికి ముందు వచ్చిన 2018 ముసాయిదాలోనూ 2019 బిల్లులోనూ పాత్రికేయ పనికి మినహాయింపు ఉండేది. ఆఖరి చట్టంలో అది లేదు. ఎడిటర్స్ గిల్డ్ అభ్యంతరం చెప్పింది, సమాచార హక్కు కార్యకర్తలు ధర్నాలు చేశారు. వార్తలు సరిగ్గా లేవని ఇన్నాళ్లూ ఫిర్యాదు చేస్తూ వచ్చిన పౌరుడూ, ఆ వార్తలు రాసే మండల విలేకరీ ఇప్పుడు ఒకే కౌంటర్ ముందు, ఒకే క్లాజు రాసిన తిరస్కరణ కాగితంతో నిలబడాల్సి ఉంటుంది.